భూకంపానంతర గృహనిర్మాణము – ఎవరి మాట చెల్లవలెను?

2024 సంవత్సరము డిసెంబరు 4వ తేది ఉదయమున ములుగు ప్రాంతమున పుట్టిన భూకంపము మన కరీంనగరము, ఆదిలాబాదు సీమలలోను తెలియవచ్చెను. దాని తీవ్రత 5.3. పెద్ద నష్టము కలుగలేదు. అయినను ఒక ప్రశ్న మిగిలెను: ఇండ్లు కూలినయెడల వానిని మరల ఎవరు, ఎవరి యిష్టప్రకారము కట్టుదురు? మన పొరుగువారి యనుభవమునుండి దీనికి సమాధానము దొరకును.

1956 వరకు మనతోగూడ హైదరాబాదు రాష్ట్రమున నుండిన లాతూరు, ఉస్మానాబాదు ప్రాంతమున, 1993 సెప్టెంబరు 30వ తేది తెల్లవారుజామున కిల్లారి భూకంపము సంభవించెను. మట్టితో పేర్చిన దళసరి రాతిగోడలును, బరువైన మట్టిమిద్దెలును నిద్రించువారిపై గూలుటచే వేలకొలది జనులు మృతినొందిరి.

మహారాష్ట్ర ప్రభుత్వము ప్రపంచబ్యాంకు ఋణము దెచ్చి, రెండు విధముల పనిచేసెను. మిక్కిలి చెడిన 52 గ్రామములను క్రొత్తచోట్లకు మార్చెను. అందు ఇంటి వైశాల్యము కుటుంబమునకు గల భూమినిబట్టి నిర్ణయింపబడెను. భూమి లేనివారికిని, ఒక హెక్టారులోపు గలవారికిని 250 చదరపు అడుగులు, 7 హెక్టారులకు మించినవారికి 750, నడిమివారికి 400. కూలివాని కుటుంబము పెద్దదైనను ఇల్లు చిన్నదే. వీధులు పట్టణములలోవలె తిన్నగా నుండెను గాని, పలువురకు పొలములు దూరమయ్యెను, పశువులను కట్టుటకు తావు చాలదయ్యెను.

తక్కిన గ్రామములలో సర్కారు సహాయమును విడతలవారీగా ఇంటివారికే యిచ్చి, ఇంజనీర్లచే సలహా చెప్పించెను. రమారమి 2 లక్షల యిండ్లు ఇట్లు బాగుపడెను. స్వయం శిక్షణ్ ప్రయోగ్ అను సంస్థ తోడ్పాటుతో గ్రామస్త్రీలు సర్కారునకును ఇంటివారికిని నడుమ నిలిచి, సహాయము పొందు మార్గమును, గోడలు బలపరచు విధమును తెలియజెప్పిరి. 2001 జనవరి 26వ తేది భూకంపము పిమ్మట గుజరాతులోను ఇంటివారే కట్టుకొను పద్ధతి ప్రధానమయ్యెను.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము ప్రకారము జిల్లా సంస్థకు కలెక్టరు అధ్యక్షుడు. స్థానికసంస్థకు ప్రజలెన్నుకొనిన ప్రతినిధి సహాధ్యక్షుడు. కావున ప్రజల మాటకు చట్టములో చోటు కలదు. ఆ మాట సిద్ధముగా నుండవలెనన్న, ఆపద రాకమునుపే గ్రామసభలో విచారింపవలెను: ఏ గోడ బలహీనము? ఎవరి యింటికి పట్టా లేదు? అద్దెకున్నవారి పేర్లు ఏ జాబితాలో చేరును? ఇల్లు కూలిన పిమ్మట ఈ బీదల హక్కు ఋజువు చేయుట కష్టము.

గోదావరి లోయ 1969లో భద్రాచలము వద్దను కంపించినది. మరల కంపింపదని ఎవరును చెప్పజాలరు. మన విద్యార్థులు తమ తమ యూళ్లలో ఈ ప్రశ్నలను పెద్దల యెదుట నుంచుదురుగాక యని కోరుచున్నాము.