కరాటే బెల్టుల రంగులు – వాటి అర్థము

మన రాయలసీమలో ఒకప్పుడు కర్రసాము, కుస్తీ నేర్పిన తాలింఖానాలను పెద్దలు ఇంకా తలచుకుంటారు. అక్కడ శిష్యునికి రంగుల బెల్టు లేదు, రుసుము కట్టి వ్రాసే పరీక్ష లేదు. "వీడు పనికివస్తాడు" అని ఉస్తాద్ నోట వెలువడితే అదే పట్టా. కరాటే పుట్టిన ఒకినావా ద్వీపంలోనూ పూర్వం గురువు మాటే ప్రమాణం. నేడు మన రామకుప్పం వంటి చోట కూడా పిల్లలు పసుపు, ఆకుపచ్చ బెల్టుల మాట చెప్పుకుంటున్నారు. ఆ రంగులకు అర్థమేమిటని ఒక విద్యార్థిని తరగతిలో నన్నడిగింది. ఛందస్సు చెప్పేవాడికి ఇది కొత్త ప్రశ్న! తరువాత చదివి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

ఈ అంతస్తుల ఏర్పాటు కరాటేకు జూడో నుండి వచ్చినది. జూడో స్థాపకులు జిగోరో కానో స్వయంగా విద్యావేత్త. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసినవారు. 1882లో కొడోకాన్ అనే శిక్షణాలయాన్ని నెలకొల్పి, మరుసటి సంవత్సరం ఇద్దరు శిష్యులకు మొదటి 'డాన్' ఇచ్చారు. నల్ల బెల్టు కొంత ఆలస్యంగా వచ్చింది. ఒకినావా నుండి 1922లో టోక్యో వచ్చి కరాటే ప్రదర్శించిన గిచిన్ ఫునకోషి ఈ పద్ధతిని స్వీకరించి, 1924లో తన శిష్యులలో కొందరికి డాన్ హోదా నిచ్చారు. నడుమనున్న రంగులు ఐరోపాలోని జూడో శిక్షణాలయాలలో 1920, 30 దశకాలలో వ్యాపించినవి. తెల్ల బెల్టే ఏళ్ల తరబడి ఉతకక మాసి నల్లబడుతుందన్న కథ వినసొంపైనదే గాని చరిత్రలో దానికి ఆధారం లేదు.

నల్ల బెల్టుకు లోపలి మెట్లను 'క్యూ' అంటారు. సాధారణంగా పదవ క్యూతో మొదలై ఒకటవ క్యూ వరకు సాగుతాయి. అంకె తగ్గినకొద్దీ అంతస్తు పెరుగుతుంది. అటుపిమ్మట డాన్‌లు ఒకటి నుండి పైకి లెక్క. పరీక్షలో కిహోన్ అనే మూల కదలికలు, కతా అనే క్రమబద్ధమైన అభ్యాసం, కుమితే అనే ఎదురుపోరు చూస్తారు. మొదటి డాన్ పేరు 'షోడాన్'. అందులో 'షో' అనగా ఆరంభం. నల్ల బెల్టుతో విద్య ముగిసినదని తలచే మన పిల్లలు ఈ మాటను గమనించాలి. హిఫ్జ్ పూర్తిచేసిన విద్యార్థికి దస్తార్‌బందీ జరిగినంత మాత్రాన ఇక చదువు అక్కరలేదని ఏ ఉస్తాదూ అనడు గదా!

పవన్ కళ్యాణ్‌కు చెన్నైలో కరాటే నేర్పి, 2025 మార్చిలో మరణించిన షిహాన్ హుసైనీ గారి పేరులోని 'షిహాన్' ఆచార్యస్థానంలో ఉన్నవారికి వాడే గౌరవపదం. చాలామంది దానిని పేరనే అనుకుంటారు.

అసలు చిక్కు రంగులలో ఉన్నది. షోటోకాన్ శాఖలో పసుపు సాధారణంగా తొలి మెట్లలోనే వస్తుంది. క్యోకుషిన్ శాఖలో నారింజ, నీలం దాటిన పిదపనే పసుపు. జూడోలో ఎరుపు బెల్టు తొమ్మిదవ, పదవ డాన్‌ల వారిది. అదే ఎరుపు, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ కరాటేలో ప్రత్యర్థులలో ఒకరిని గుర్తించుటకు మాత్రమే. రెండవవారు నీలం కట్టారు. కావున ఏ రంగైనా దానిని ఇచ్చిన శాఖలోనే చెల్లుబాటవుతుంది.

ఇది తెలియక మా బంధువుల అబ్బాయి నొచ్చుకున్నాడు. ఒక పట్టణంలో రెండు నెలలకొక పరీక్ష వ్రాసి, ఏడాది తిరగకముందే గోధుమరంగు బెల్టుకు చేరాడు. ప్రతిసారీ రుసుముకు తండ్రి చేబదులు తెచ్చేవాడు. తరువాత వేరే ఊరికి మారగా, అక్కడి గురువు రెండు కతాలు చేయించి చూసి, తెల్ల బెల్టు కట్టుకోమన్నాడు. పిల్లవాడు వారం రోజులు ఇల్లు కదలలేదు.

మన కళాశాలలో, ముఖ్యంగా విద్యార్థినులకు, కరాటే నేర్పించాలన్న కోరిక వినవస్తున్నది. అది మంచి కోరికే. హైదరాబాదుకు చెందిన సయ్యదా ఫలక్ భారతదేశం తరఫున అంతర్జాతీయ పోటీలలో పాల్గొన్న సంగతి మన బాలికలకు తెలియవలసినది. అయితే కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటి. శిక్షకుని నడుము చూసి తృప్తిపడక, ఆయన ఏ శాఖవారు, ఎవరి వద్ద ఎన్నేళ్లు నేర్చారు, పరీక్షకూ పరీక్షకూ నడుమ ఎన్ని నెలలు, రుసుమెంత అన్నవి ముందే వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. క్రీడల కోటాకు పోటీల ధ్రువపత్రాలు చూస్తారే గాని బెల్టు రంగు చూడరన్న సంగతీ తల్లిదండ్రులకు చెప్పాలి.

మా బంధువుల అబ్బాయి తెల్ల బెల్టుతోనే తిరిగి అభ్యాసానికి వెళ్తున్నాడు. గోధుమరంగు బెల్టును వాళ్ల అమ్మ బీరువాలో దాచింది.