ఇంటి కైఫీయతు

కర్నూలు సీమలో కృష్ణమ్మ కడుపున ఒక గుడి కలదు. శ్రీశైల జలాశయము నిండినప్పుడు సంగమేశ్వరుని ఆలయము నీట మునిగి కనుమరుగగును. వేసవి ముదిరి నీరు దిగినకొలది మొదట శిఖరమును, పిదప గోడలును, కడపట గర్భాలయమును బయటపడగా, అర్చకులు ఒండు కడిగి, వేపమొద్దుతో మలచినదని చెప్పుకొను లింగమునకు పూజలు చేయుదురు. ఆ జలాశయము క్రింద 1981 ప్రాంతమున కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో నూరు దాక గ్రామములు మునిగిపోయినవి. గుడి ఏటేట తేలుచున్నది; కాని ఏ వీధిలో ఎవరి మిద్దె యుండెనో, ఏ చెట్టు క్రింద రచ్చ జరుగుచుండెనో నీరు దిగినను తెలియరాదు. చెప్పగలవారు ఆ ఊళ్లలో పుట్టి పెరిగినవారే. నాటి యువకులు నేడు తాతలైరి. వారి మనుమలు అన్యగ్రామములలో కన్ను తెరచినవారు. ఆ వృద్ధులు చెప్పకయే కన్నుమూసినచో ఆ యిండ్లు రెండవమారు మునుగును. ఆ మునుక నుండి ఏ వేసవియు వానిని తేల్చజాలదు.

పెద్దలనడిగి గతమును వ్రాసికొనుట ఈ సీమకు క్రొత్తగాదు. 1800లో నిజాము ఇంగ్లీషు కంపెనీకి ఒప్పగించినందున దత్తమండలములని పేరుపడిన ఈ ప్రాంతమున, కల్నల్ కాలిన్ మెకంజీ పనివారు ఊరూర తిరిగి, కరణముల కవిలెలు చూచి, వృద్ధుల నోటిమాటలు విని, గ్రామచరిత్రలు సేకరించిరి. అవియే కైఫీయతులు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను పిమ్మట వానికి ప్రతులు వ్రాయించెను. ఆయన పేరిట కడపలో వెలసిన భాషా పరిశోధన కేంద్రమువారు ఆ జిల్లా కైఫీయతులను అచ్చువేసిరి. ఊరెవరు కట్టించిరో, చెరువెవరు త్రవ్వించిరో, ఏ గుడికి ఎవరు మాన్యమిచ్చిరో అందు కలదు. కాని ఊరి పుట్టుపూర్వోత్తరములు విచారించినవారికి ఒక్కొక్క యింటి ముచ్చట అడుగు పని లేదు. ఆ పని ఇంటి పిల్లలది.

ధాత నామ సంవత్సరమున, అనగా 1876-77లో వచ్చినందున మనవారు ధాత కరువని పిలిచిన మహాక్షామమును తలపోయుడు. కరువు పనులలో మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించిన సంగతి ప్రభుత్వ పత్రములు చెప్పును. ఆ పౌను గింజలను ఏ తల్లి ఎన్ని పాళ్లు చేసెనో, తన పాలు ఎవరికి పెట్టెనో, విత్తనపు కొఱ్ఱలను ఏ కుండలో దాచి మఱుసటి వానదాక కాచెనో, ఇంటివారు చెప్పుకొన్ననే తెలియును. సంగటిముద్దను పారవేయు పిల్లవానియెడ నూరు నీతివాక్యములు చేయని పనిని, ఇది దొరకక మన యింట ఒకరు పోయిరను ఒక్క మాట చేయును.

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయమున మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అను మనశ్శాస్త్రజ్ఞులు ఈ విషయమునే పరిశీలించిరి. తాత అవ్వలు ఎచట పెరిగిరి, తలిదండ్రులు ఎట్లు కలిసికొనిరి, నీ పేరు ఎట్లు వచ్చినది అనువంటి 20 ప్రశ్నలను పిల్లలనడుగగా, ఇంటి సంగతులు ఎక్కువగా ఎఱిగిన పిల్లలలో ఆత్మగౌరవమును, తమ బ్రదుకు తమ చేతిలో నున్నదను ధైర్యమును అధికముగా కానవచ్చినవి. అయితే ఆ జవాబులు బట్టీపట్టించిన ఫలము లేదని డ్యూక్ హెచ్చరించెను. కలిసి కూర్చుండి చెప్పుకొను అలవాటులోనే సారమున్నదట. కలిమి మాత్రమే గాని, లేమి మాత్రమే గాని చెప్పక, పడి లేచిన వైనమంతయు చెప్పుట మేలని వారి అభిప్రాయము.

వైనమంతయు చెప్పవలెనను మాట మన సీమవారికి మిక్కిలి అవసరము. పగను కథగా అల్లి పసివాని చేతికందించిన యిండ్లు ఇచట లేకపోలేదు. అట్టి కథలో చంపినవాని పౌరుషమును, చచ్చినవాని ఋణమును మిగులును. మగదిక్కు పోయి బీడుపడిన చేను, చదువు మానుకొన్న కొడుకు, వాకిట ముగ్గు లేని సంక్రాంతి మఱుగుపడును. వానినిగూడ చెప్పుడు. సగము చెప్పిన కథ కత్తి యగును. సాంతము చెప్పిన కథ కన్నీరై కత్తిని దింపించును. అప్పును, వలసను, అవమానమునుగూడ దాచవలదు; తండ్రి తట్టుకొన్న దెబ్బ యెఱిగినవాడు తనకు దెబ్బ తగిలినప్పుడు ఒంటరినని తలపడు.

గతించిన పెద్దల పేరు బిడ్డకు పెట్టుట మన ఆచారము. పేరిచ్చి, ఆ పేరుగల మనిషిని ఇవ్వకపోవుట న్యాయమా? సంగమేశ్వరుడు నీటినుండి వెలువడు వేసవియే పిల్లలు సెలవులకు ఊరు చేరు కాలము. రాత్రి మిద్దెమీద చాప పరచి, చల్లగాలికి పండుకొన్నప్పుడు, మనుమరాలు ప్రక్కకు తిరిగి, "జేజీ, ఈ పేరు నాకంటె ముందు ఎవరిది?" అని అడిగినచో, ప్రొద్దుపోయినదని కసరక, ఆ పేరుగల ఆమె ఏ ఊరినుండి ఈ యింటికి వచ్చెనో, అక్కడినుండి మొదలుపెట్టుడు.