పాత మోటారుకారు: పొగను శుద్ధిచేయు భాగములు

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో పాత అంబాసిడరునో పద్మినినో ప్రేమతో కాపాడుకొను కుటుంబములు కొన్ని కలవు. బండిని మరమ్మతునకు విడిచినపుడు, "క్రిందనున్న ఆ డబ్బా తీసివేసినచో బండి తేలికగా పరుగెత్తును, పెట్రోలు మిగులును" అని చెప్పువారు కొందఱు కనబడుదురు. మన విద్యార్థులలో కొందఱు రేపు ఈ పనిలోనే ప్రవేశింపవచ్చును గనుక, ఈ మాట యెంతవఱకు నిజమో విచారింతము.

బండికి ఒక భాగమును తగిలించుటయు, పిమ్మట తీసివేయుటయు మన పెద్దలెఱిగినదే. రెండవ ప్రపంచయుద్ధకాలమున (1939-45) పెట్రోలు కఱవై, మద్రాసు రాజధానిలో బస్సులకు బొగ్గు పొయ్యిలు అమర్చిరి. బొగ్గు తగినంత గాలి లేక మండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు నిచ్చెడిది; అదియే ఇంజనునకు ఆహారము. పెట్రోలు మరల సులభముగ దొరకిన పిమ్మట ఆ పొయ్యిలను ఊడదీసిరి. అవసరము తీరినది గనుక అది యుక్తమే. కాని పొగను శుద్ధిచేయు భాగముల అవసరము నేటికిని తీరలేదు.

ఇట్టి భాగములలో ముఖ్యమైనవి రెండు. మొదటిది పీ.సీ.వీ. వాల్వు. సిలిండరులోని వాయువు కొంత పిస్టను రింగుల సందున జాఱి ఆయిలు తొట్టిలో చేరును. పూర్వము దానిని ఒక గొట్టముగుండ బయటికి విడిచెడివారు. ఈ వాల్వు దానిని మరల ఇంజనులోనికే పంపి కాల్పించును. దీనిని తీసి రంధ్రము మూసినచో లోపల ఒత్తిడి హెచ్చి, సీళ్లు చెడి, ఆయిలు కారును; మడ్డి పేరుకొనును. దీని వెల స్వల్పము. చెడినచో క్రొత్తది వేయుటయే మేలు.

రెండవది క్యాటలిటిక్ కన్వర్టరు. దీనిలోపల తేనెపట్టువంటి పింగాణి దిమ్మ యుండును. దాని సన్నని రంధ్రములలో ప్లాటినము, పల్లాడియము, రోడియము అను లోహములు పలుచగ పూయబడియుండును. సుమారు 300 డిగ్రీల వేడి యెక్కగా, ఈ లోహములు తాము తరుగకయే కార్బన్ మోనాక్సైడును బొగ్గుపులుసు వాయువుగను, మండని పెట్రోలు ఆవిరిని ఆ వాయువుగను నీరుగను, నైట్రోజను ఆక్సైడులను నత్రజనిగను మార్చును. పెట్రోలులోని సీసము ఈ పూతకు విషము. అందుచేత 1995 ఏప్రిలులో నాలుగు మహానగరముల క్రొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు విధించినపుడు, సీసము లేని పెట్రోలును కూడ అందించిరి. 2000 ఫిబ్రవరినుండి దేశమంతట అదియే దొరకుచున్నది.

దిమ్మ కరగి మూసికొనిపోయినచో బండి మొరాయించుట నిజమే. కాని మూలదోషము తఱచుగా వేఱొకచోట నుండును. ప్లగ్గు సరిగా మండకున్నను, మిశ్రమమున పెట్రోలు హెచ్చైనను, మండని యింధనము కన్వర్టరులో చేరి అచ్చట మండి దానిని కరగించును. కారణమును సరిచేయక క్రొత్తది వేసినచో అదియు చెడును; ఊరక తీసివేసినచో విషము వీధిపాలగును. బాగుగనున్న కన్వర్టరును తీయుటవలని లాభము మిక్కిలి స్వల్పము. అందలి లోహములు మాత్రము మిక్కిలి వెలగలవి. తీసిన డబ్బా ఎవరి చేతికి పోవుచున్నదో యజమాని విచారింపవలెను.

1957లో బయలుదేరిన తొలి అంబాసిడరులకు కన్వర్టరు లేదు. ఇప్పుడు తగిలింప నక్కఱయు లేదు. వానికి కావలసినది కార్బ్యురేటరు, ఎయిర్ ఫిల్టరుల శుభ్రతయు, ప్లగ్గుల మధ్య సరియైన సందును. పూర్వము సీసము వాల్వు సీట్లకు అరుగుదల లేకుండ కాపాడెడిది. కనుక ఇంజను విప్పినపుడు గట్టి సీట్లు వేయించుట మంచిది.

చట్టమును ఈ భేదమును పాటించుచున్నది. పొగ పరీక్షలో కార్బన్ మోనాక్సైడు, పాత ప్రమాణముల పెట్రోలు కారునకు 3 శాతమువఱకు, భారత్ స్టేజి 2 కారునకు 0.5 శాతమువఱకు మాత్రమే యుండవచ్చును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షనులో, తయారీదారు నిర్ణయించిన వివరములను ఇష్టానుసారము మార్చరాదనుచున్నది. 2021 నాటి నియమముల ప్రకారము 50 ఏండ్లు దాటి, మొదటి రూపముననే యున్న బండ్లకు వింటేజి గుర్తింపు లభించును.

కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడుపుచు పనిచేయువానికి మొదట తలనొప్పి, పిమ్మట మైకము, తుదకు మరణమే సంభవింపవచ్చును. పిల్లలను షెడ్డుపనికి పంపు తల్లిదండ్రులు ఈ సంగతిని ముందుగనే బోధింపవలెను. విద్యార్థులారా, ఏ భాగమునైనను ఊడదీయుటకు ముందు అది చేయు పనియేమో తెలిసికొనుడు. చెడినదైనచో అట్టి దానినే మరల బిగింపుడు.