ఎస్టోనియాపై సైబర్ దాడి (2007): అంతర్జాతీయ చట్టసూత్రాల అన్వయం

వ్యాససంగ్రహం: సైబర్ చర్యలకు అంతర్జాతీయ చట్టం వర్తిస్తుందని రాజ్యాలు సూత్రప్రాయంగా అంగీకరించాయి. ఏ చర్య ఏ నియమాన్ని ఉల్లంఘిస్తుందన్నదే నేటి వివాదం. 2007లో ఎస్టోనియా ఎదుర్కొన్న దాడి ఆధారంగా బలప్రయోగం, సార్వభౌమత్వం, రాజ్యబాధ్యత అనే మూడు అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సైబర్ దాడి, బలప్రయోగం, జోక్యం, సార్వభౌమత్వం, రాజ్యబాధ్యత.

1. ప్రవేశిక

2007 ఏప్రిల్‌లో ఎస్టోనియా ప్రభుత్వం రాజధాని టాలిన్‌లోని సోవియట్ కాలపు సైనిక స్మారకవిగ్రహాన్ని నగరమధ్యం నుంచి సైనిక శ్మశానవాటికకు తరలించింది. ఆ వెంటనే ప్రభుత్వ కార్యాలయాలు, బ్యాంకులు, వార్తాపత్రికల వెబ్‌సైట్లపై దాడి మొదలైంది. అనేక కంప్యూటర్ల నుంచి ఒకేసారి అభ్యర్థనలు పంపి సర్వర్లను స్తంభింపజేయడం ఇందులో ప్రధాన పద్ధతి. సుమారు మూడు వారాలపాటు విడతలవారీగా సాగిన ఈ దాడిలో ఏ కట్టడమూ కూలలేదు. అయినా బ్యాంకింగ్, పాలన అంతర్జాలంపై ఎక్కువగా ఆధారపడిన ఆ చిన్నదేశంలో దైనందిన వ్యవహారాలకు అంతరాయం కలిగింది. ఈ నష్టాన్ని అంతర్జాతీయ చట్టం ఏ పేరుతో గుర్తిస్తుందన్నది అప్పుడు తలెత్తిన ప్రశ్న.

2. బలప్రయోగ నిషేధం

ఐక్యరాజ్యసమితి ఛార్టర్ 2(4) అధికరణం బలప్రయోగాన్ని నిషేధిస్తుంది. 51వ అధికరణం సాయుధదాడికి గురైన రాజ్యానికి ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తుంది. వాడిన ఆయుధం ఏదైనా ఈ నియమాలు వర్తిస్తాయని అంతర్జాతీయ న్యాయస్థానం 1996 నాటి అణ్వాయుధాల సలహాభిప్రాయంలో పేర్కొన్నది. ఛార్టర్ సైబర్ రంగానికీ వర్తిస్తుందని ఐక్యరాజ్యసమితి ప్రభుత్వ నిపుణుల బృందం 2013లో నిర్ధారించింది.

అయితే సైబర్ చర్య పరిమాణం, పర్యవసానాలు సంప్రదాయ బలప్రయోగంతో పోల్చదగినవిగా ఉండాలన్నది విస్తృతామోదం పొందిన ప్రమాణం. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలో యంత్రాలను దెబ్బతీసిన స్టక్స్‌నెట్ ఈ ప్రమాణానికి చేరువలో ఉంటుంది. ఎస్టోనియా ఘటన అంత దూరం రాదు. నాటో సభ్యదేశమైనప్పటికీ ఎస్టోనియా విషయంలో సామూహిక రక్షణకు సంబంధించిన 5వ అధికరణం ప్రయోగానికి రాలేదు.

3. జోక్యం, సార్వభౌమత్వం

బలప్రయోగం కానంత మాత్రాన చర్య చట్టబద్ధం కాదు. నికరాగువా తీర్పు (1986) ప్రకారం, రాజ్యం స్వేచ్ఛగా నిర్ణయించుకోదగిన విషయంలో దానిని బలవంతపెట్టడం నిషిద్ధ జోక్యం. విగ్రహ తరలింపు అటువంటి విషయమే. ఆ నిర్ణయాన్ని మార్పించడానికే ఒక రాజ్యం దాడి చేయించి ఉంటే అది జోక్యం. కేవలం ఆగ్రహ ప్రకటనే అయితే ఆ నిర్ణయానికి రావడం కష్టం. అప్పుడు మిగిలేది సార్వభౌమత్వ నియమం.

రాజ్యాల మధ్య విభేదం ఇక్కడే తీవ్రంగా ఉంది. జోక్య నిషేధానికి మించి సైబర్ చర్యలకు వర్తించే ప్రత్యేక సార్వభౌమత్వ నియమమేదీ ప్రస్తుత చట్టంలో లేదని బ్రిటన్ అటార్నీ జనరల్ జెరెమీ రైట్ 2018లో ప్రకటించారు. తమ వ్యవస్థల్లోకి అనుమతిలేని చొరబాటు కూడా సార్వభౌమత్వ ఉల్లంఘన కాగలదని 2019లో ఫ్రాన్స్ రక్షణశాఖ పత్రం పేర్కొన్నది. నిపుణులు స్వతంత్ర హోదాలో రూపొందించిన టాలిన్ మాన్యువల్ రెండవ కూర్పు (2017) భౌతికనష్టాన్ని ఉల్లంఘనగా పరిగణించింది. అంతకు తక్కువ స్థాయి చర్యలపై, ముఖ్యంగా తాత్కాలిక అంతరాయంపై, ఏకాభిప్రాయం కుదరలేదు. ఎస్టోనియా ఎదుర్కొన్న నష్టం ఈ కోవకే చెందుతుంది.

4. రాజ్యబాధ్యత

నియమోల్లంఘన తేలినా, దానిని ఒక రాజ్యానికి ఆపాదించాలి. అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2001 నాటి ముసాయిదా 8వ అధికరణం ప్రకారం, ప్రైవేటు వ్యక్తుల చర్య రాజ్యం ఆదేశం, నిర్దేశం లేదా నియంత్రణ కింద జరిగితేనే అది రాజ్యచర్య అవుతుంది. దాడి వెనుక రష్యా ఉన్నదన్న ఆరోపణను ఆ దేశం ఖండించింది. దర్యాప్తులో సహకరించాలన్న ఎస్టోనియా అభ్యర్థననూ తిరస్కరించింది. తన భూభాగాన్ని ఇతర రాజ్యాల హక్కులకు భంగకరంగా వాడుకోవడాన్ని తెలిసీ అనుమతించరాదన్న కోర్ఫూ జలసంధి తీర్పు (1949) ఇక్కడ ప్రత్యామ్నాయ ఆధారం. దానికైనా ఆ రాజ్యానికి విషయం తెలుసని నిరూపించాలి.

5. ఉపసంహారం

ఎస్టోనియా ఘటన వెల్లడించింది చట్టం లేకపోవడాన్ని కాదు, నియమాల హద్దులు తేలకపోవడాన్ని. ఆ హద్దులు రాజ్యాల ఆచరణ, అధికారిక ప్రకటనల ద్వారానే ఏర్పడతాయి. ప్రత్యక్షంగా నష్టపోని రాజ్యాలు కూడా బాధిత రాజ్యానికి మద్దతుగా ప్రతిచర్యలు చేపట్టవచ్చని 2019లో ఎస్టోనియా అధ్యక్షురాలు కెర్స్తి కాల్యులాయిద్ ప్రకటించారు. ఒంటరిగా ప్రతిఘటించే శక్తి లేని చిన్నరాజ్యాలకు చట్టం ఏ మేరకు రక్షణ కాగలదన్నది, ఇటువంటి వాదనకు లభించే ఆమోదాన్ని బట్టి తేలుతుంది.