చేతికి కట్టు కట్టారు.. రాత్రి మెదడులో అలలు తగ్గాయి! నైట్ అవుట్ బ్యాచ్ తెలుసుకోవాల్సిన విషయం ఇదే

రేపే ఎగ్జామ్. టేబుల్ మీద ఫ్లాస్క్ నిండా టీ, చేతిలో గైడ్. తెల్లారే వరకూ కూర్చుంటే ఎంతోకొంత ఎక్కుతుందిలే అన్నది చాలా మంది స్టూడెంట్స్ లెక్క. అయితే పుస్తకం మూసేశాక కూడా మెదడుకి బోలెడు పని మిగిలే ఉంటుంది. అందులో చాలా భాగం నిద్రలోనే జరుగుతుంది. ఈ విషయాన్ని రెండు ప్రయోగాలు చక్కగా చూపించాయి.

2006లో రెటో హ్యూబర్, జూలియో టొనోని తదితర శాస్త్రవేత్తలు కొందరు వాలంటీర్ల ఒక చేతికి పగలంతా కట్టు కట్టి కదలకుండా ఉంచారు. దెబ్బ తగిలి కాదు, కేవలం పరీక్ష కోసం. రాత్రి తలకి ఈఈజీ సెన్సర్లు పెట్టి పడుకోబెట్టారు. గాఢ నిద్రలో మన మెదడులో నెమ్మదిగా పెద్ద పెద్ద అలలు వస్తుంటాయి. ఆ చేతిని నడిపించే భాగంలో మాత్రం ఆ రాత్రి అలలు తగ్గిపోయాయి!

అంతకు రెండేళ్ల ముందు, 2004లో, అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో దీనికి రివర్స్ ప్రయోగం జరిగింది. స్క్రీన్ మీద కర్సర్‌ని టార్గెట్ దగ్గరికి తీసుకెళ్లాలి. కానీ చెప్పకుండానే కర్సర్ దిశను కొంచెం కొంచెం తిప్పేస్తూ వచ్చారు. చెయ్యి దానికి అలవాటు పడింది, అంటే మెదడు కొత్త పని నేర్చుకుంది. ఆ రాత్రి నిద్రలో సరిగ్గా ఆ పనికి సంబంధించిన భాగంలో అలలు పెరిగాయి. ఎవరిలో ఎక్కువ పెరిగాయో, వాళ్లే నిద్ర తర్వాత ఆ పని ఇంకా బాగా చేశారు.

పగలు చేసిన పనికి, రాత్రి వచ్చే అలకి లింక్ ఏంటి?

మన మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటాయి. ఒక న్యూరాన్ నుంచి ఇంకోదానికి సిగ్నల్ వెళ్లే చోటే సినాప్స్. ఈ కనెక్షన్ బలం ఎప్పుడూ ఒకేలా ఉండదు. జనం నడిచే కొద్దీ పొలం గట్టు మీద కాలిబాట పడినట్టు, వాడేకొద్దీ బలపడుతుంది. వాడకపోతే గడ్డి మొలిచినట్టు బలహీనపడుతుంది. దీన్నే సినాప్టిక్ ప్లాస్టిసిటీ అంటారు. ప్లాస్టిక్ బకెట్‌కీ దీనికీ సంబంధం లేదు. కుమ్మరి మట్టిలా మలచడానికి వీలుండే గుణం అని అర్థం.

1973లో టిమ్ బ్లిస్, తెర్యే లోమో దీన్ని కుందేళ్లలో చూపించారు. జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోక్యాంపస్‌లోకి వెళ్లే దారికి వేగంగా కరెంట్ పల్స్‌లు ఇస్తే, అక్కడి కనెక్షన్లు గంటల తరబడి బలంగా ఉండిపోయాయి. తర్వాత తేలిన సంగతి ఇంకా ఆసక్తికరం. పల్స్‌లు ఎన్ని ఇచ్చామన్నదే కాదు, ఏ తాళంలో ఇచ్చామన్నదీ ముఖ్యమే. సెకనుకి ఐదుసార్లు చిన్న చిన్న గుత్తులుగా ఇస్తే ఫలితం చాలా బాగా వచ్చింది. హిప్పోక్యాంపస్‌లో సహజంగా వచ్చే థీటా రిథమ్ కూడా దాదాపు అదే వేగంలో ఉంటుంది.

టైమింగ్ లెక్క అయితే మరీ సూక్ష్మం. సిగ్నల్ పంపే న్యూరాన్ ముందు, అందుకునేది కొన్ని మిల్లీసెకన్ల తర్వాత స్పందిస్తే చాలా చోట్ల కనెక్షన్ గట్టిపడుతుంది. వరుస తిరగబడితే సడలిపోతుంది. భజనలో తాళం ఒక్క క్షణం అటూ ఇటూ అయినట్టే!

(ఇది చదివి యూట్యూబ్‌లో 'థీటా వేవ్స్ మ్యూజిక్' వెతక్కండి. ఆ ప్రయోగాల్లో కరెంట్ ఇచ్చింది నేరుగా మెదడు కణజాలానికి, ఇయర్‌ఫోన్స్‌లో కాదు.)

అంటే రిథమ్ కనెక్షన్లని మారుస్తుంది. మరి కనెక్షన్లు రిథమ్‌ని మార్చవా? మారుస్తాయి. గాఢ నిద్రలో వేలాది న్యూరాన్లు ఒకేసారి మౌనంగా ఉండి, ఒకేసారి మేల్కొంటాయి. ఆ ఊపే ఈఈజీలో అలగా కనిపిస్తుంది. వాటి మధ్య కనెక్షన్లు ఎంత బలంగా ఉంటే అంత కలిసికట్టుగా ఊగుతాయి, అల అంత పెద్దదవుతుంది. కర్సర్ ప్రయోగంలో అలలు పెరగడానికి, కట్టు కట్టిన చేతి విషయంలో తగ్గడానికి శాస్త్రవేత్తలు చెప్పే కారణం ఇదే.

పగలంతా బలపడుతూ పోతే మెదడుకి ఎనర్జీ, చోటు రెండూ చాలవు. అందుకే నిద్రలో కనెక్షన్లు కాస్త తగ్గుతాయని టొనోని, కియారా చిరెల్లి వాదన. 2017లో వాళ్ల టీమ్ ఎలుకల మెదడులో 6,920 సినాప్స్‌లను కొలిచింది. నిద్ర తర్వాత అవి సగటున 18 శాతం చిన్నవయ్యాయి. బాగా పెద్దవి మాత్రం తగ్గలేదు. అయితే అందరూ దీన్ని ఒప్పుకోవట్లేదు. కొత్త పని నేర్చుకున్న ఎలుకల్లో నిద్ర వల్లే కొత్త కనెక్షన్లు పుడుతున్నాయని 2014లో మరో బృందం చూపించింది. తగ్గించడమా, పెంచడమా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. నిద్ర అవసరమన్న దగ్గర మాత్రం రెండు వర్గాలదీ ఒకే మాట.

ఇక నైట్ అవుట్ సంగతి. 2007లో జరిగిన ఒక అధ్యయనంలో రాత్రంతా మేల్కొన్న వాళ్లు మర్నాడు చూసిన బొమ్మల్ని గుర్తుపట్టడంలో వెనకబడ్డారు. ఆ టైమ్‌లో వాళ్ల హిప్పోక్యాంపస్ కూడా మందకొడిగానే పనిచేసింది. అంటే జాగారం దెబ్బ రాత్రి చదివినదానికే కాదు, పొద్దున హాల్ బయట తిరగేసే ఆఖరి రివిజన్‌కి కూడా!

ఈ పెద్ద అలల నిద్ర ఎక్కువగా పడుకున్న మొదటి కొన్ని గంటల్లోనే వస్తుంది. పదింటికి పడుకుని నాలుగింటికి లేచి చదివే మన ఇళ్లలోని పాత అలవాటులో అది చాలావరకు పూర్తయిపోతుంది. అసలు కన్నే మూయని వాళ్లకి ఆ అల రానే రాదు.