కొండ నడకలో కాలినొప్పి

అలిపిరి నుండి తిరుమలకు పోవు కాలిబాటలో సుమారు 3,550 మెట్లు కలవు. మోకాళ్ల మెట్టు చేరునప్పటికి దృఢకాయులకు సైతము పిక్కలు పట్టుట కలదు. కొంతసేపు కూర్చుండి, నీరు త్రాగి, పిక్కను మెల్లగా సాగదీసినచో ఆ బాధ తగ్గును.

కాలు మడతపడి చీలమండ వాచినప్పుడు మాత్రము వెంటనే తైలమర్దనము చేయుట, కాపడము పెట్టుట తగదు, వాపు హెచ్చును. చన్నీట తడిపిన గుడ్డను పావుగంటసేపు వేసి, మిక్కిలి బిగువు గాకుండ కట్టు కట్టి, పాదమును ఎత్తున ఉంచవలెను. అడుగు మోపలేకున్నచో ఎముక విరిగియుండవచ్చును. అట్టివారిని నడిపింపక వైద్యునికడకు చేర్పవలెను.

మధుమేహరోగులకు అరికాలి స్పర్శ తగ్గియున్నచో గాయమైనను తెలియదు. వట్టి కాళ్లతో నడచుట వారికి క్షేమము కాదు.

మ్రొక్కును మరియొకమారు తీర్చుకొనవచ్చును; గాయపడిన కాలికి విశ్రాంతి మాత్రము నాడే కావలెను.