అమృత విలాస్ నుంచి మాహిష్మతి దాకా

సీరియల్ కెమేరాతో మొదలైన ఛాయాగ్రాహకుడి ప్రస్థానం

అచ్చంపేట: కెమేరా చేతబట్టిన కుర్రవాడు లేని ఊరు ఇప్పుడు పల్నాటిలో అరుదు. అచ్చంపేట, క్రోసూరు, సత్తెనపల్లి... ఎటు వెళ్ళినా పెళ్ళికీ, ఓణీల వేడుకకూ, తిరునాళ్ళకూ వీడియో తీయవలసిందే. ఈ పనిలో ఉన్నవారికి ఒక సందేహం రావడం సహజం. చిన్న పనులు చేసుకుంటూ కూర్చుంటే పెద్ద తెర ఎప్పటికైనా అందుతుందా? టీవీ సీరియల్‌లో చేరితే మనిషి అక్కడితో ఆగిపోతాడనే మాట కూడా తరచు వినబడుతుంది.

ఆ మాటకు జవాబు శ్రీ కె.కె. సెంథిల్ కుమార్ వృత్తి జీవితం. "బాహుబలి" ఛాయాగ్రాహకుడిగా ఆయన పేరు చాలామందికి తెలుసు. అంతకుముందు ఆయన "అమృతం" సీరియల్‌కు కెమేరా పట్టిన సంగతి తెలిసినవారు తక్కువ.

ఆరేళ్ళ ఆదివారాలు

2001 నవంబరు 18న జెమినీ టీవీలో "అమృతం" మొదలైంది. ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చేది. 2007 నవంబరు 18 వరకు సాగి 313 భాగాలు పూర్తిచేసుకుంది. శ్రీ గుణ్ణం గంగరాజు నిర్మాత. తొలినాళ్ళలో దర్శకత్వం వహించినవారు శ్రీ చంద్రశేఖర్ యేలేటి. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఛాయాగ్రహణం చదువుకుని వచ్చిన సెంథిల్ కుమార్‌కు ఈ బృందంలో చోటు దొరికింది.

కథ అందరికీ తెలిసినదే. అమృతరావు, ఆంజనేయులు పక్కపక్క వాటాల్లో ఉంటారు. ఇద్దరూ కలిసి "అమృత విలాస్" అనే హోటల్ నడుపుతారు. అప్పాజీ ఇంటి యజమాని, సర్వం హోటల్ పనివాడు. అమృతరావు వేషం శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు కట్టారు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు నవ్వించారు. ఆయన 2018లో కన్నుమూశారు.

భాగానికి ఇరవై నిమిషాలే లెక్కవేసుకున్నా 313 భాగాలు వంద గంటలు దాటుతాయి. రెండున్నర గంటల సినిమాలతో పోలిస్తే నలభై సినిమాల నిడివి. ఇదంతా ఎక్కువగా ఒక ఇల్లు, ఒక హోటలు, ఆ నలుగురైదుగురు మనుషుల మధ్యే జరిగింది.

అదే గోడ, అదే కిటికీ

ఇక్కడే సీరియల్ కెమేరామన్ పనితనం బయటపడుతుంది. సినిమాలో రోజంతా శ్రమపడితే రెండు మూడు నిమిషాల నిడివి వచ్చినా తృప్తిపడతారు. సీరియల్‌కు ఆ వెసులుబాటు లేదు. వారం తిరిగేసరికి భాగం సిద్ధంగా ఉండాలి. ఒక్కొక్క షాట్‌కు గంటల తరబడి లైట్లు సర్దుకుంటే కుదరదు.

ఒకే గదిలో జరిగే సన్నివేశాలన్నిటినీ ఒక్క విడతలో తీసేస్తారు. కథలో పొద్దుటిపూట జరిగేది రాత్రి తీయవలసి వస్తుంది, రాత్రి జరిగేది మధ్యాహ్నం తీయవలసి వస్తుంది. బయట సూర్యుడు ఎక్కడున్నా, కిటికీలోంచి పడే వెలుగు కథలోని వేళకే సరిపోవాలి. ఈ వారం తీసిన ముక్క పక్కన వచ్చేవారం తీసిన ముక్క అతికినా గోడ రంగు మారకూడదు. ముఖం మీది నీడ పక్కకు జరగకూడదు. చూసేవారు దీన్ని మెచ్చుకోరు. తప్పు జరిగితే మాత్రం వెంటనే పట్టేస్తారు.

హాస్యానికి ఇంకొక చిక్కు ఉంది. మాట అన్నవాడి ముఖం కంటే విన్నవాడి ముఖంలోనే ఒక్కొక్కసారి నవ్వు పుడుతుంది. ఇద్దరూ ఒకే చట్రంలో ఉండాలి, ఇద్దరి కళ్ళూ స్పష్టంగా కనపడాలి. అప్పటి టీవీ తెర చిన్నది, ఇంచుమించు చదరంగా ఉండేది. అందులో నలుగురిని నిలబెట్టి ఎవరినీ మరుగుపరచకుండా చూపడం తేలిక కాదు.

పెద్ద తెర మీదికి

గంగరాజు నిర్మాతగా, యేలేటి దర్శకుడిగా 2003లో "ఐతే" వచ్చింది. కెమేరా సెంథిల్ కుమార్‌ది. పేరున్న తారలు లేకుండా తక్కువ ఖర్చుతో తీసిన ఆ చిత్రం ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు పొందింది. ఖర్చు తక్కువ, సమయం తక్కువ అన్నది చిన్నతెర మీద పనిచేసి వచ్చినవారికి కొత్త కాదు.

మరుసటి ఏడు "సై"తో శ్రీ ఎస్.ఎస్. రాజమౌళితో స్నేహం కుదిరింది. "ఛత్రపతి" (2005), "యమదొంగ" (2007), "మగధీర" (2009) వరుసగా ఆయన కెమేరాలోంచి వచ్చినవే. శ్రీ కోడి రామకృష్ణ "అరుంధతి" కూడా 2009లోనే విడుదలైంది. "ఈగ" (2012)లో కథానాయకుడు కంప్యూటర్‌లో పుట్టిన ఈగ. చిత్రీకరణ వేళ ఎదుట లేని పాత్రకు చోటు వదిలి, దానికి తగిన వెలుగు అమర్చాలి. 2015, 2017లలో రెండు భాగాల "బాహుబలి"కీ అదే పద్ధతి. మాహిష్మతిలో సెట్ వేసింది కొంత, గ్రాఫిక్స్‌తో చేర్చింది కొంత. రెండింటి మీదా ఒకే ఎండ పడినట్లు కనిపించాలి. అమృతరావు ఇంట్లో కిటికీ వెలుగు కుదర్చడానికీ దీనికీ కొలతలో తేడా ఉంది కాని సూత్రం ఒక్కటే.

2022లో "ఆర్ఆర్ఆర్" విడుదలైంది. అందులోని "నాటు నాటు" పాటను ఉక్రెయిన్‌లోని కీవ్ నగరంలో 2021లో చిత్రించారు. 2023 మార్చిలో ఆ పాటకు ఆస్కార్ లభించింది. ఆ ఏడాదే ఆస్కార్ అవార్డులనిచ్చే అకాడెమీ సభ్యత్వానికి సెంథిల్ కుమార్‌కు ఆహ్వానం అందింది.

చూసి నేర్చుకోదగినది

సీరియల్‌లో చేరిన ప్రతివారూ ఇంతవారవుతారని చెప్పలేము. సెంథిల్ కుమార్‌కు పుణెలో శిక్షణ ఉంది, మంచి బృందం దొరికింది. 1960లో ఏర్పడిన ఆ సంస్థలో ఛాయాగ్రహణం చదవాలంటే డిగ్రీ ఉండాలి, ప్రవేశ పరీక్ష నెగ్గాలి. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనూ ఫోటోగ్రఫీలో డిగ్రీ ఉంది. ఇంటర్ చదివే పిల్లలు ఈ దారుల సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

అంత దూరం వెళ్ళలేనివారు ఇంటివద్దనే చేయగల పని ఒకటుంది. "అమృతం" పాత భాగాలు ఇప్పటికీ యూట్యూబ్‌లో దొరుకుతాయి. ఒక భాగాన్ని శబ్దం కట్టేసి చూడాలి. వెలుగు ఏ వైపునుంచి వస్తున్నదీ, మాట్లాడేవారిని ఎంత దగ్గరగా చూపుతున్నదీ, షాట్ ఎప్పుడు మారుతున్నదీ కాగితం మీద రాసుకోవాలి. తర్వాత పందిట్లో పెళ్ళికూతురి ముఖం మీద ఫ్లడ్‌లైటు తిప్పేముందు ఆ కాగితం ఒకసారి చూసుకుంటే చాలు, ఎంత వెలుగు పెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలిసిపోతుంది.